‘ఇంప్రెషన్’ను తెలుగులో ఏమందాం?

తెలుగు విమర్శలో అరిగిపోయిన వాక్యాలు ఏరితే మొదటి వరసలో నిలబడేది ఇది: “ఫలానా కవి తెలుగు సాహిత్యంపై చెరగని ముద్ర వేశాడు.” సంస్మరణ సంచికల్లో, ముందుమాటల్లో, సన్మాన పత్రాల్లో ఈ వాక్యం లేని చోటు లేదు. ముద్ర వేసినవాడి పేరు అందులో ఉంటుంది. ఆ ముద్ర పడింది దేనిమీద, ఎంత బరువుతో పడింది, పడినచోట ఏం మారింది అనే ప్రశ్నలు మాత్రం రావు. ఇంగ్లీషు ‘ఇంప్రెషన్’కు మనం పెట్టుకున్న తర్జుమాల్లో ఈ ‘ముద్ర’ ఒకటి. రెండోది ‘అభిప్రాయం’. ఈ రెండింటి మధ్య ఆ మాట అసలు అర్థం జారిపోయిందనీ, ఆ జారుడు వల్ల మన విమర్శకే కాక బొంబాయి తెలుగువాళ్లమైన మన బతుకును మనం చదువుకునే తీరుకు కూడా నష్టం జరిగిందనీ నా వాదన. ఒక్క మాట గురించి ఇంత చర్చ అవసరమా అనే పాఠకులు కాస్త ఓపిక పట్టాలని మనవి.

‘ఇంప్రెషన్’ లాటిన్ నుంచి వచ్చింది. ‘ప్రెమెరె’ అంటే ఒత్తడం. ముందున్న ఉపసర్గకు ‘మీద’ అనీ ‘లోపలికి’ అనీ అర్థం. ఒకదాన్ని మరొకదాని మీద పెట్టి ఒత్తితే మిగిలే గుర్తు ఇంప్రెషన్. ప్రెస్, ప్రెషర్, డిప్రెషన్, ఎక్స్‌ప్రెషన్, సప్రెషన్, అప్రెషన్ అన్నీ ఈ ఇంటి పిల్లలే. వీటికి మనం చెప్పుకునే తెలుగు మాటలు వరసగా చూడండి: అచ్చుయంత్రం, ఒత్తిడి, కుంగుబాటు, అభివ్యక్తి, అణచివేత. వీటిలో ఒకదానికొకటి చుట్టరికం ఉందని ఎవరూ పోల్చుకోలేరు. ఇంగ్లీషువాడికి ఇంప్రెషన్, అప్రెషన్ అన్నదమ్ములు. మనకు అభిప్రాయం, అణచివేత ముఖపరిచయం కూడా లేని మనుషులు. పదానికి పదం పెట్టి చేతులు దులుపుకునే పద్ధతి ఎంత చేటో రా.రా. తన ‘అనువాద సమస్యలు’లో చూపించాడు. ఆ పుస్తకానికి 1988లో సాహిత్య అకాడెమీ బహుమతి కూడా వచ్చింది. అయినా మన అలవాటు మారలేదు.

అలాగని తెలుగులో మాటల కరువు ఉందనుకోవడం పొరపాటు. ఒత్తితే పడే గుర్తులకు మనకున్నన్ని పేర్లు చాలా భాషల్లో ఉండవేమో. చెక్క మీద చెక్కి రంగులో ముంచి గుడ్డ మీద వేసేది అద్దకం. మచిలీపట్నం, పెడన పనివాళ్లకు అది కూడుపెట్టే విద్య. కాల్చిన ఇనుము ఒంటిమీద పెడితే పడేది వాత. గిన్నె కిందపడితే పడేది సొట్ట. నేలమీద కాలు మోపితే మిగిలేది జాడ. తండ్రీకొడుకులు ఒకేలా ఉంటే అచ్చుగుద్దినట్టున్నారంటాం. పలుగూ పారా పట్టీ పట్టీ అరచేతిలో లేచేది కాయ. చేతులు కాయలు కాశాయి అన్నప్పుడు, పనిముట్టు మనిషి మీద వేసిన ముద్రను చెబుతున్నామన్న స్పృహ కూడా మనకు ఉండదు. ఈ మాటలన్నిటిలో ఒక గుణం ఉంది. ఏది ఒత్తిందో, దేన్ని ఒత్తిందో మాట వినగానే తెలిసిపోతుంది. వాత అన్నాక కాలినవాడెవడని అడగకుండా ఉండలేం. ‘ముద్ర’కూ ‘అభిప్రాయా’నికీ లేనిది ఈ గుణమే.

పైగా బొంబాయిలో పుట్టి పెరిగిన తెలుగువాడికి మరికొన్ని మాటలు ఉచితంగా దొరికాయి. మరాఠీలో ఛాప్ అంటే ముద్ర. ఛాపఖానా అచ్చుకూటం. ఛాపా అంటే అచ్చు, పోలీసుల దాడి కూడా. కామాటిపుర గల్లీల్లో ఛాపా పడిందంటే పుస్తకం అచ్చయిందని ఎవరూ అనుకోరు. వేలిముద్రకు మరాఠీవాళ్లు వాడే మరో మాట ఠసా. మన తెలుగులో ఠస్సా అంటే డాబు. ఒకే గోడకు అటూ ఇటూ కాపురమున్న రెండు భాషల్లో ఒకచోట ఒత్తిడి గుర్తు, మరోచోట దర్పం. ఈ మాటల మధ్య తిరిగేవాడికి ముద్ర వేసే చేయీ ముద్ర పడే ఒళ్లూ వేరువేరని తెలుసు. విమర్శలోకి వచ్చేసరికి ఆ తెలివిని గడప బయట వదిలేస్తున్నాం.

ఈ మాటకున్న అర్థాల్లో మనవాళ్ల బతుకుకు బాగా దగ్గరిది వేలిముద్ర. చదువురాని వాళ్లకోసం పుట్టిన ఏర్పాటు అది అని మనందరి నమ్మకం. చరిత్ర మరోలా ఉంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర రోడ్డుకు కావలసిన కంకర సరఫరా కోసం రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరుతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. కోనాయ్‌కి చదువు వచ్చు. ఒప్పందాన్ని తన చేత్తో బెంగాలీలో రాసి ఇచ్చినవాడే అతను. అయినా రేపు ఈ సంతకం నాది కాదంటాడేమోనని హెర్షెల్‌కు అనుమానం. తన అధికార ముద్రకు వాడే సిరానే కోనాయ్ అరచేతికి పులిమి, కాగితం వెనక ఒత్తించాడు. మాట తప్పాలన్న ఆలోచన రాకుండా బెదరగొట్టడమే తన ఉద్దేశమని తర్వాత 1916లో అచ్చయిన పుస్తకంలో అతనే ఒప్పుకున్నాడు. అంటే పాలన కోసం తీసిన ఈ తొలి చేతిముద్ర అక్షరం లేని చోట పుట్టలేదు, నమ్మకం లేని చోట పుట్టింది. సర్కారు ముద్ర సిరాతోనే మనిషి చేతినీ ముద్రగా మార్చారన్నది మరిచిపోదగిన వివరం కాదు. ఆ చేయి కూడా రోడ్డుపని చేయించే కాంట్రాక్టరుదే కావడం కామాటీ సంతతికి ప్రత్యేకంగా తగలవలసిన విషయం.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. ముద్రల్ని వర్గీకరించే లెక్కను కట్టడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల శ్రమ ఉంది. ఆ పద్ధతికి మాత్రం వాళ్ల పై అధికారి హెన్రీ పేరు పడింది. ముద్రల శాస్త్రంలోనే ముద్ర ఎవరిదన్న తగువు ఇలా ఉంది. అదే 1897లో వచ్చిన జనరల్ క్లాజెస్ చట్టం, పేరు రాయలేని వ్యక్తి విషయంలో గుర్తు పెట్టడం కూడా సంతకం కిందికే వస్తుందని చెప్పింది. చట్టం దృష్టిలో రెండూ సమానం. మనుషుల దృష్టిలో కాలేదు. మన పాత దస్తావేజుల్లో ఒకరిది ‘వ్రాలు’, మరొకరిది ‘నిశానీ’. హిందీవాడు ‘అంగూఠా ఛాప్’ అన్నా, మనవాడు ‘వేలిముద్రగాడు’ అన్నా అది తిట్టే. ముద్ర వేసే కవికి సన్మానం, ముద్ర వేసే కూలీకి తిట్టు! ఒకే క్రియ ఇద్దరికీ రెండు బతుకులు ఇచ్చింది.

ఒత్తిడి ఎవరిదన్న ప్రశ్నతో ముద్ర అర్థమే మారిపోతుందనడానికి దక్షిణాఫ్రికా మంచి ఉదాహరణ. 1906లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం అక్కడి భారతీయులంతా వేలిముద్రలతో నమోదు కావాలనే శాసనాన్ని ముందుకు తెచ్చింది. జొహానెస్‌బర్గ్‌లో ఆ ఏడాది సెప్టెంబరు 11న జరిగిన సభలో దానికి లొంగబోమని ప్రమాణం చేశారు. సత్యాగ్రహం పుట్టింది ఆ నేపథ్యంలోనే. 1908 జనవరిలో రాజీ కుదిరి, బలవంతం లేకుంటే స్వచ్ఛందంగా ముద్రలు ఇవ్వవచ్చని గాంధీ అన్నాడు. నిన్నటిదాకా అవమానమన్నది ఇవాళ ఎలా మర్యాద అయిందని మండిపడి మీర్ ఆలం అనే పఠాను ఫిబ్రవరిలో ఆయన్ని కొట్టి పడేశాడు. వేలు అదే, సిరా అదే, కాగితం అదే. చేతిని ఎవరు పట్టుకుని ఒత్తిస్తున్నారన్నదాన్ని బట్టి ఒకటి దాస్యం, ఒకటి సమ్మతి. వాళ్లిద్దరిలో ఎవరి వైపు న్యాయముందన్నది వేరే చర్చ. ముద్ర అర్థం దాని ఆకారంలో ఉండదని ఇద్దరూ గ్రహించారు.

ఇప్పుడు కామాటిపురకు వద్దాం. తెలుగులో కామాటి అంటే కూలిపని చేసేవాడు. నిజాం రాజ్యం నుంచి బతుకుదెరువుకు వచ్చిన మనవాళ్లు రాళ్లు మోసి, మట్టి తవ్వి, గోడలు కట్టి ఈ నగరంలో నిలబడ్డారు. ద్వీపాల మధ్య నీటిని ఆపి పల్లపు నేలల్ని పూడ్చుకుంటూ వచ్చిన 18వ శతాబ్దం చివర నుంచి ఈ ప్రాంతం జనావాసమైంది. ఆ జనంలో కామాటీలు ఎక్కువ కాబట్టి పేట పేరు కామాటిపుర అయింది. నగరం మీద మన శ్రమ వేసిన ముద్ర అంటే ఇదీ. బొంబాయి రోడ్లలో, పునాదుల్లో, గోడల్లో ఆ చేతుల ఒత్తిడి ఉంది. అయితే గోడ మీద తాపీ పనివాడి పేరు ఉండదు. శిలాఫలకం మీద గవర్నరు పేరుంటుంది. మేస్త్రీ చేతి ముద్ర సున్నం కింద దాగిపోతుంది. పేట పేరు ఒక్కటే పైకి తేలి నిలిచింది.

కామాటీలలో అందరూ కూలీలుగానే మిగల్లేదు. 19వ శతాబ్దపు రెండో భాగానికి కొందరు పెద్ద కాంట్రాక్టర్లయ్యారు. జోతిరావ్ ఫూలే 1873 సెప్టెంబరు 24న పుణేలో సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో జాయా కరాడీ లింగూ, వ్యంకూ బాలాజీ కాలేవార్ వంటి తెలుగువాళ్లున్నారు. ఆ సమాజానికి అచ్చుయంత్రం సమకూర్చడంలో బొంబాయి తెలుగు సభ్యుల చేయి ఉంది. 1877లో కృష్ణరావ్ భాలేకర్ పుణేలో మొదలుపెట్టిన ‘దీనబంధు’ పత్రికను 1880 నుంచి నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయిలో నడిపి మిల్లు కూలీల గొంతు చేశాడు. రాళ్లు మోసినవాళ్ల సంతతి డబ్బు అచ్చుయంత్రం వైపు ఎందుకు వెళ్లిందో ఆలోచించాలి. నిశానీ వేయించుకునే కాగితాలు అంతదాకా ఎదుటివాడి చేతిలో ఉన్నాయి. కాగితం మీద ఒత్తే యంత్రం మన చేతికి వస్తే లెక్క మారుతుందని వాళ్లకు తోచి ఉండాలి. ఇంప్రెషన్‌కున్న రెండు అర్థాలు, వేలిముద్రా అచ్చుముద్రా, మన పేటలో ఇలా ఎదురెదురుగా నిలిచాయి. దీన్ని మన సాహిత్య చరిత్రలు పట్టించుకోలేదు. అచ్చయినది మరాఠీ కాబట్టి అది మనది కాదనుకున్నాం.

అచ్చుపనిలో ఇంప్రెషన్ అంటే సిరా పూసిన అక్షరాల మీద కాగితాన్ని ఒక్కసారి ఒత్తడం. అలా మార్పు లేకుండా మళ్లీ అచ్చువేస్తే మరో ఇంప్రెషన్. మార్చి, దిద్ది వేస్తే అది ఎడిషన్. మన పుస్తకాల్లో ముద్రణ, కూర్పు అనే రెండు మాటలున్నా వాటిని తారుమారు చేసి వాడతారు. తప్పులతో సహా తిరిగి ఒత్తిన పుస్తకానికి కొత్త కూర్పు అని పేరు పెట్టడం కద్దు. విమర్శలోనూ జరిగేది ఇదే. పాత అభిప్రాయాలను అదే ఫారం మీద మళ్లీ ఒత్తి కొత్త పరిశీలన అంటున్నాం. పొరుగు నేల మీద ఉన్న మనలాంటి పాఠకులు గుర్తుంచుకోవలసింది ఇంకొకటి ఉంది. 1746-47లో తెలుగు పుస్తకాలు అచ్చయింది గోదావరి ఒడ్డునా కాదు, మూసీ ఒడ్డునా కాదు. జర్మనీలోని హాలేలో, బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుడి పూనికతో. తెలుగు అక్షరానికి సొంత నేల దాటి ఒత్తించుకోవడం కొత్త కాదు.

ఇక ఇంప్రెషన్‌కున్న మరో అర్థం, తొలిచూపుకు తోచేది. కామాటిపుర అనగానే దేశానికి తోచేది కూలీ కాదు, వేశ్యావాటిక. బ్రిటిషు పాలనలో 19వ శతాబ్దం చివరి భాగం నుంచి ఆ వృత్తిని ఈ గల్లీల్లోకి కుదిస్తూ వచ్చింది అధికారులే. ఆ పని చేసిన చేయి మరుగునపడి, చేయించుకున్న పేటకు పేరు మిగిలింది. మన దురదృష్టం కొద్దీ పేట పేరులోని మొదటి రెండక్షరాలు తెలుగు చెవికి మరోలా వినిపించే ప్రమాదం కూడా ఉంది. కామాటి అనే మాట మరిచినవాడు దాంట్లో కామాన్ని వెతుకుతాడు. 1990ల తర్వాత ఆ వృత్తిలో ఉన్నవారి సంఖ్య ఎంతో తగ్గినా బయటివాళ్ల ఇంప్రెషన్ తగ్గలేదు. పిల్ల పెళ్లికీ, కొడుకు ఉద్యోగానికీ నాగ్‌పాడా అనో, ముంబై సెంట్రల్ అనో చిరునామా చెప్పుకునే కుటుంబాలు మనలో ఎన్ని ఉన్నాయో నేను చెప్పనక్కరలేదు.

2022 ఫిబ్రవరిలో సంజయ్ లీలా భన్సాలీ తీసిన ‘గంగూబాయి కాఠియావాడి’ విడుదలకు ముందు, పేట పేరు తీసేయమంటూ స్థానిక శాసనసభ్యుడితో పాటు ఈ పేట తరఫున కొందరు బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఒప్పుకోలేదు. ఆ వేదన నాకు అర్థమవుతుంది. హుసేన్ జైదీ 2011 నాటి పుస్తకంలోని ఒక అధ్యాయం ఆధారంగా తీసిన ఆ సినిమాలో దీపాలున్నాయి, తెల్లచీరలున్నాయి. పేటకు పేరిచ్చిన తాపీ పనివాడి బతుకు మాత్రం దాని లోకం కాదు. కానీ మనవాళ్ల వాదనలో కూడా ఒక లోపం ఉంది. ‘మేం కష్టజీవులం, ఆ ఆడవాళ్లతో మాకు సంబంధం లేదు’ అనే ధోరణి అది. ఆ స్త్రీలు ఏ ఒత్తిడి వల్ల ఆ గదుల్లోకి వచ్చారు? కరువూ, అప్పూ, మోసమూ వాళ్లను తోసుకొచ్చాయి. వాళ్లలో తెలంగాణ నుంచీ, ఆంధ్ర నుంచీ వచ్చినవాళ్లూ ఉన్నారు. మనవాళ్లను పలుగూ పారా పట్టించి ఇక్కడికి తరిమిన బతుకుభారానికీ ఆ ఒత్తిడికీ చుట్టరికం ఉంది. ఒకరి మీది ముద్రను తుడవడానికి మరొకరి మీద ఇంకా గట్టిగా ఒత్తడం న్యాయం కాదు.

ఈ పేటను ఒత్తిడి వైపు నుంచి చదివిన కవి తెలుగువాడు కాదు. గోల్‌పీఠా ప్రాంతంలో పెరిగిన నామ్‌దేవ్ ఢసాళ్ 1972లో ‘గోల్‌పీఠా’ అనే సంపుటి తెచ్చాడు. విజయ్ టెండూల్కర్ ముందుమాట రాశాడు. మర్యాదస్తుల మరాఠీకి అందని మాటలు అందులో కుప్పలుగా ఉన్నాయి. దూరం నుంచి చూసి ‘అయ్యో’ అనేవాడి చూపు కాదు అది. అదే ఏడాది ఢసాళ్ మిత్రులతో కలిసి దళిత్ పాంథర్స్ స్థాపించాడు. దళిత అనే మాటకు చితికిన, నలిగిన అని అర్థం. అంటే ఒత్తిడికి గురైనవాళ్లు ఆ ఒత్తిడినే పేరుగా పెట్టుకున్నారు. ఎవరు నలిపారన్న ప్రశ్న ఆ పేరులోనే ఉంది. తెలుగులో 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం ఆ ప్రశ్నను మన కవిత్వంలోకి గట్టిగా తెచ్చింది. అయితే ఢసాళ్ పక్క గల్లీల్లోనే ఉన్న తెలుగు చాళ్ల మీద ఆ బరువుతో రాసిన తెలుగు కావ్యం కోసం నేనింకా ఎదురుచూస్తూనే ఉన్నాను.

ఎగతాళి కోసం వేసిన పేరును గౌరవంగా మార్చుకున్న ఉదాహరణ ఈ మాటకే ఉంది. మోనే 1872లో వేసిన సూర్యోదయ చిత్రానికి ‘ఇంప్రెషన్’ అని పేరు పెట్టి 1874లో పారిస్‌లో ప్రదర్శించాడు. లూయీ లెరువా అనే విమర్శకుడు ఒక హాస్యపత్రికలో ఆ మాట పట్టుకుని చిత్రకారులందరినీ ఆటపట్టించాడు. కొన్నేళ్లకు వాళ్లే ఆ పేరును తమదిగా చెప్పుకున్నారు. కంటిమీద వెలుగు పడిన క్షణాన్ని పట్టుకోవడం వాళ్ల కళ. దాన్నుంచి సాహిత్యంలోకి వచ్చిన ఇంప్రెషనిస్టు విమర్శ మాత్రం మన దగ్గర సోమరితనానికి మారుపేరయింది. పుస్తకం చదివితే నాకిలా అనిపించింది అని రాయడంలో తప్పులేదు. ఎందుకలా అనిపించింది, నా మీద పడిన ఏ అచ్చుల వల్ల అనిపించింది అని అడగకపోవడం తప్పు. హ్యూమ్ అనే తత్వవేత్త 1739లో మనసులోని భావాలన్నీ ఇంప్రెషన్ల నకళ్లేనన్నాడు. మన శాస్త్రాలు దాదాపు ఇదే విషయాన్ని సంస్కారం, వాసన అన్నాయి. అనుభవం మనసు మీద వదిలే గుర్తు సంస్కారం. వాడుకలో దాని గతి చూడండి. ‘సంస్కారవంతుడు’ అంటే మర్యాదస్తుడు అయ్యాడు. అందరి మీదా పడే గుర్తు కొందరి ఆస్తిగా మారింది. చాల్‌లో గొంతెత్తి మాట్లాడేవాళ్లకు సంస్కారం లేదని అనేవాడు, ఎనిమిదిమంది ఒక ఖోలీలో బతికే జీవితం మనిషి మీద వేసే సంస్కారం ఏమిటో తెలుసుకోవాలన్న మాట ఎత్తడు.

వేలిముద్రతో మొదలైన చరిత్ర ఇవాళ విచిత్రమైన చోటికి చేరింది. 2010 సెప్టెంబరు 29న మన మహారాష్ట్రలోనే, నందుర్బార్ జిల్లా టెంభలీ గ్రామంలో ఆధార్ సంఖ్యల పంపిణీ మొదలైంది. ఇప్పుడు చదువుకున్నవాడూ చదువులేనివాడూ పది వేళ్లూ ఇచ్చినవాడే. ఆ రకంగా అందరమూ అంగూఠా ఛాపులమే. పాత తిట్టుకు అర్థం లేకుండా పోయింది. కానీ అన్ని వేళ్లూ సమానం కాలేదు. ఇసుకా, సిమెంటూ, ఇటుకా, సున్నం పట్టీ పట్టీ అరిగిన వేళ్ల గీతలను యంత్రం పోల్చుకోలేకపోతోంది. వయసు మీదపడిన కూలీల విషయంలో ఇది మరీ ఎక్కువ. కనుపాప ద్వారా, ఫోనుకు వచ్చే సంఖ్య ద్వారా గుర్తించే మార్గాలు పెట్టారు నిజమే. అయినా రేషన్ దుకాణం ముందు వేలు తుడుచుకుని, తడిచేసుకుని, మళ్లీ మళ్లీ ఒత్తే ముసలి చేయిని చూడనివాళ్లు మనలో అరుదు. ఒక ఒత్తిడి ఆ చేతికి కాయలు కాయించింది, వేలి గీతలు చెరిపింది. ఇంకొక ఒత్తిడి ఆ చెరిగిన గీతలే చూపించమంటోంది. ఇన్నేళ్లు నగరం మీద ముద్ర వేసిన వేలికి తన ముద్ర లేదని యంత్రం చెబుతోంది. ఇంప్రెషన్ అనే మాటకు ఇంతకంటే పూర్తి వ్యాఖ్యానం నాకు ఏ నిఘంటువులోనూ కనబడలేదు.

కనుక అనువాదం విషయంలో నా ప్రతిపాదన సాదాసీదాది. తొలిచూపుకు తోచినదాన్ని ‘తోచింది’ అనే అందాం. ఆలోచించి, తర్కించి చేరుకున్నదానికి ‘అభిప్రాయం’ అనే మాటను దాచుకుందాం. అచ్చుపనికి ముద్రణ ఉంది. కాలి వాతపడినచోట వాత అనే అందాం, ‘ప్రభావం’ అని చల్లార్చవద్దు. కవి ముద్ర వేశాడని రాయదలచుకున్నవాళ్లు ఎవరి మీద, ఏ వాక్యంలో, ఎలా అని మరో రెండు వాక్యాలు రాయాలి. రాయలేకపోతే మొదటి వాక్యం కూడా కొట్టేయడం మంచిది.

రెండో ప్రతిపాదన మన పత్రికలకు సంబంధించింది. కామాటిపుర పాత చాళ్లను కూల్చి కొత్త భవనాలు కట్టే పథకం 2020ల ఆరంభం నుంచి మ్హాడా చేతికి వచ్చింది. వర్లీ బీడీడీ చాళ్లలో ఆ పని ఇప్పటికే నడుస్తోంది. కొత్త ఇళ్లు రావాలి. ఇరుకు ఖోలీల మీద మోజు అందులో కాపురం చేయనివాళ్లకే ఉంటుంది. కానీ గోడలతో పాటు ఆ గోడల మధ్య పలికిన తెలుగు కూడా పోతుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడుల్లో పిల్లలు తగ్గిపోయారు. భివండీ మగ్గాల మాటలూ, షోలాపూర్ బీడీల మాటలూ, బొంబాయి తాపీపని మాటలూ తెలిసిన తరం వెళ్లిపోతోంది. ఆ మాటల్ని పెద్దల నోట విని, పని వివరంతో సహా, దిద్దకుండా అచ్చువేయడం మన చేతిలో ఉన్న పని. నెలకు నాలుగు పేజీలు దానికి కేటాయిస్తే చాలు. పదేళ్లకు అది పుస్తకమవుతుంది. పేటలో పాత గోడ ఒక్కటీ మిగలని రోజున, ఇక్కడ బతికినవాళ్లు ఎవరని అడిగేవాళ్లకు చూపించడానికి ఆ అచ్చు ఉంటుంది.